నాలుగు దీపాల బండి

చిక్కడపల్లి చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి నిలబడి, ఎదురుగా వెళ్లే బళ్లను లెక్కపెట్టండి చూద్దాం. యాభై దాటకముందే లెక్క తప్పుతుంది. అటు నారాయణగూడ, ఇటు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, పక్కనే అశోక్‌నగర్. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బళ్లు. నాలుగడుగులు వేస్తే టీ కొట్టు, ఇంకో నాలుగడుగులకు మందుల షాపు. అలాంటిచోట నలభై ఏళ్లుగా కాపురముంటున్న మా పెద్దనాన్న, పెద్దమ్మ నిమిషాల తరబడి మనిషన్నవాడు కనబడని రోడ్డు మీద రోజంతా ప్రయాణిస్తే ఎలా ఉంటుంది? కిందటేడు సెప్టెంబరులో వాళ్ల వెంట వెళ్లి చూశాను.

అమెరికాలోని నెవాడా రాష్ట్రాన్ని అడ్డంగా దాటే 50వ నంబరు హైవే అది. 1986లో 'లైఫ్' పత్రిక దీనికి 'అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డు' అని పేరు పెట్టింది. అక్కడ చూడటానికేమీ లేదనీ, ప్రాణాలు కాపాడుకోగలమన్న ధైర్యముంటేనే వెళ్లాలనీ హెచ్చరించింది. నెవాడావాళ్లు చిన్నబుచ్చుకోలేదు. ఆ తిట్టునే బోర్డుల మీద రాయించుకున్నారు. దారిలోని ఊళ్లలో ముద్రలు వేయించుకోవడానికి ఓ చిన్న పుస్తకం అచ్చేసి పర్యాటకులకు పంచారు.

ఎంత ఖాళీ అంటే... నెవాడా విస్తీర్ణం 2.86 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త పెద్దదే. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో 8.46 కోట్ల మంది ఉంటే, 2020 లెక్కల ప్రకారం నెవాడాలో ఉన్నది 31 లక్షల మంది. వాళ్లలోనూ ఎక్కువమంది లాస్‌వేగాస్, రీనో చుట్టుపక్కలే. మిగతాదంతా కొండలు, ఉప్పునేలలు, బూడిదరంగు పొదలు!

మురుగూ మన వెంటే!

శాక్రమెంటోలో ఉద్యోగం చేసే అన్నయ్య అద్దెకు మోటార్‌హోమ్ తీసుకున్నాడు. పాతిక అడుగుల బండి. అందులోనే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది. ముందురోజు రాత్రి ఫాలన్ అనే ఊళ్లో పడుకుని పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. రాత్రికి చేరాల్సిన ఈలీ అక్కడికి 414 కిలోమీటర్లు. మధ్యలో చెప్పుకోదగ్గ ఊళ్లు రెండే... ఆస్టిన్, యురేకా.

బండి కదిలే ముందు అన్నయ్య గోడకున్న ఓ మీట నొక్కి చూపించాడు. వరసగా నాలుగు చిన్న దీపాలు వెలిగాయి. ట్యాంకు నిండుగా ఉంటే నాలుగూ వెలుగుతాయి, నీళ్లు తగ్గేకొద్దీ ఒక్కోటీ ఆరిపోతుంది. ట్యాంకులో పట్టేది 150 లీటర్లు. మేం అయిదుగురం.

పెద్దమ్మ అలవాటు కొద్దీ బియ్యం మూడోసారి కడగబోతే వదిన ఆపింది. "అత్తయ్యా, ఆ కడుగు నీళ్లు కూడా ఈ బండిలోనే ఉంటాయి" అంది. వాడిన నీళ్లకు ఒక ట్యాంకు, మరుగుదొడ్డికి మరొకటి. రోడ్డు మీద వదలకూడదు. అందుకోసం కట్టిన చోటే ఖాళీ చేయాలి. "అయితే మన మురుగు మన వెంటే వస్తుందన్నమాట!" అని పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

ఉప్పు మీద తెలుగు

ఫాలన్ చుట్టూ మాత్రం పచ్చగా ఉంటుంది. కార్సన్ నది మీద 1915లో పూర్తయిన లహాంటన్ డ్యామ్ చలవ అది. "మన ఉస్మాన్‌సాగర్ కన్నా అయిదేళ్లు పెద్దది" అన్నారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దనాన్న. అయితే ఆ నది సముద్రాన్ని చేరదు. ఈ ప్రాంతంలో పడిన వాన బయటికి పోయే దారే లేదు. పల్లపు నేలల్లో ఇంకి, ఎండకు ఆవిరై, చివరికి ఉప్పు మిగులుతుంది. అశోక్‌నగర్ పక్కనుంచి పారే హుస్సేన్‌సాగర్ నాలా మూసీలో కలుస్తుంది, మూసీ కృష్ణలో, కృష్ణ సముద్రంలో. ఆ సంగతి పెద్దనాన్న అక్కడ నిలబడి చెబుతుంటే మన నాలా కూడా గొప్పదనిపించింది.

ఊరు దాటాక రోడ్డు పక్క తెల్లటి ఉప్పునేల. దాని మీద నల్లరాళ్లు పేర్చి ప్రయాణికులు తమ పేర్లు రాసిపోతుంటారు. పెద్దమ్మ బండి ఆపించి, ఓపిగ్గా రాళ్లేరి 'శ్రీరామ' అని రాసింది. కాస్త ముందుకెళ్తే 180 మీటర్ల ఎత్తున ఇసుక కొండ. ఆ తర్వాత మిడిల్‌గేట్. దాని దగ్గర్లో కొమ్మల నిండా బూట్లు వేలాడే చెట్టు. అసలు చెట్టును 2010 చివర్లో ఎవరో నరికేస్తే, జనం దగ్గర్లోని మరో చెట్టుకు వేలాడదీయడం మొదలుపెట్టారట. "చెట్టుకు చెప్పులేమిట్రా!" అని పెద్దమ్మ మొహం తిప్పేసుకుంది.

అక్కణ్నుంచి సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఇక్కడి కొండలన్నీ ఉత్తర దక్షిణాలుగా బారులు తీరి ఉంటాయి. రోడ్డేమో తూర్పుకు పోతుంది. ఒక కొండ ఎక్కడం, దిగడం, చూపు ఆనినంత మేరా గీత గీసినట్టున్న దారి, మళ్లీ కొండ. ఎప్పుడో ఒక బండి ఎదురైతే అందులోని మనిషి స్టీరింగ్ మీదనుంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు. మధ్యాహ్నానికి పెద్దనాన్న కూడా కిటికీలోంచి చెయ్యూపడం మొదలుపెట్టారు.

రోడ్డు మీద చలివేంద్రం

ఆస్టిన్‌లో పప్పు, ఆవకాయలతో భోజనం ముగించాం. 1862లో వెండి దొరికి వేలమందితో కళకళలాడిన ఊరది. ఇప్పుడు రెండొందల మంది కూడా లేరు.

యురేకాకు ఇంకా 50 కిలోమీటర్లుందనగా, రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన కారు కనబడింది. డెబ్భై దాటిన అమెరికన్ దంపతులు. రేడియేటర్ వేడెక్కి పొగలు కక్కుతోంది. తెచ్చుకున్న తాగునీళ్లూ అయిపోయాయి. అన్నయ్య బండి ఆపాడు. మీట నొక్కితే వెలిగినవి రెండే దీపాలు. ఈలీ చేరాలంటే ఇంకా 174 కిలోమీటర్లు. వదిన ఆ దీపాల వంకే చూస్తోంది. అప్పటికే పెద్దమ్మ క్యాను కుళాయి కింద పెట్టేసింది.

"దాహమన్నవాళ్ల దగ్గర లెక్కలేమిటే? మన గిన్నెలు రేపు కడుక్కుందాం" అంది. వేసవిలో చౌరస్తాలో చలివేంద్రం పెట్టినంత మామూలుగా చేసింది ఆ పని. ముందు వాళ్లకు తాగడానికి ఇచ్చి, ఇంజిన్ చల్లారాక మిగతాది రేడియేటర్‌లో పోశాం. ఆ అరగంటలో వచ్చిన బళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కటీ ఆగకుండా పోలేదు. 'ఏమన్నా కావాలా' అని అడిగాకే కదిలాయి. ఆ కారు మా వెనకే మెల్లగా యురేకా దాకా వచ్చింది.

ఈలీ చేరేసరికి చీకటి పడింది. వెలుగుతున్నది ఒకటే దీపం. రాత్రి గొట్టం తగిలించాక ఒక్కొక్కటిగా నాలుగూ వెలుగుతుంటే అందరం బండి దిగకుండా వాటినే చూస్తూ కూర్చున్నాం.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు మే, సెప్టెంబరు నెలలు ఎంచుకోవడం మంచిది. రెండువేల మీటర్లు దాటిన కనుమల్లో చలికాలం మంచు పడుతుంది. మోటార్‌హోమ్ లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. కాబట్టి బంకు కనబడినప్పుడల్లా పెట్రోలు నింపుకోవాలి. తాగునీళ్లు విడిగా పెట్టుకోవాలి. మనకు సరిపడా కాదు, ఇంకొకరికి కూడా ఇవ్వగలిగినన్ని.

నెవాడాలో ఏడాదికి సగటున కురిసే వాన దాదాపు 25 సెంటీమీటర్లు. హైదరాబాద్‌లో దానికి మూడింతలు. అయినా మనకు కృష్ణ నీళ్లు వంద కిలోమీటర్ల పైనుంచి రావాలి, 2015 నుంచి గోదావరి కూడా రావాల్సి వచ్చింది. పెద్దనాన్న ఇప్పుడు చిక్కడపల్లి ఇంట్లో సంపు పక్కన ఓ వెదురుకర్ర పెట్టుకున్నారు. దాని మీద సుద్దతో నాలుగు గీతలు. నల్లా రాని రోజు పొద్దున్నే ఆయన మూత తీసి కర్ర ముంచుతారు. వంటింట్లోంచి పెద్దమ్మ అడుగుతుంది...

"ఎన్ని దీపాలున్నాయండీ?"