ఒక పనికి మూడు పేర్లు

ఇంగ్లీషువారి పేర్లలో ‘వాకర్’ అనే ఇంటిపేరు మీరు చూసే ఉంటారు. కథల పుస్తకాల అట్టలమీదా, ఆటగాళ్ళ పట్టికలలోనూ అది తరచు కనిపిస్తుంది. ఇంగ్లీషు చదువుకునే పిల్లలకు వాకర్ అంటే ‘నడిచేవాడు’ అని తోస్తుంది. కాని లోకంలో నడవనివారెవరు? అందరూ నడిచేవారే అయినప్పుడు కొందరికే ఆ పేరెందుకు వచ్చింది? ఈ సంగతి తెలుసుకోవటానికి మనం ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరానికి పోదాం, రండి!

లండనులోని పాడింగ్టన్ స్టేషనులో రైలెక్కితే, రెండు గంటలు దాటిన కొంతసేపటికి ఎక్సెటర్ చేరుకుంటాం. ఇది ఇంగ్లండు నైరుతి భాగంలో, డెవన్ అనే ప్రాంతానికి ముఖ్యపట్టణం. పక్కనే ఎక్స్ నది ప్రవహిస్తున్నది. ఊరికి పేరు కూడా ఆ నదివల్లనే వచ్చింది. నదివైపునుంచి మిట్టమీదికి ఎక్కే ఫోర్ వీధిలో ఒక పాత కట్టడం ఉన్నది. దాన్ని 1471లో కట్టారు. దానిపేరు ‘టక్కర్స్ హాలు’, అంటే టక్కర్ల సభాశాల. నేతపనివారూ, టక్కర్లూ, బట్టమీది నూగు కత్తిరించేవారూ కలిసి పెట్టుకున్న సంఘానికి చెందిన శాల అది. ఆ సంఘం ఈనాటికీ ఉన్నది.

ఇంతకూ టక్కర్లు చేసిన పని ఏమిటి?

ఉన్నిబట్ట మగ్గంమీదనుంచి దిగగానే కట్టుకోవటానికి పనికిరాదు. దాని నేత వదులుగా ఉంటుంది. గొర్రె ఒంటి జిడ్డు ఇంకా వదిలి ఉండదు. అందుచేత ఆ బట్టను పెద్ద తొట్టిలో వేసి, నీళ్ళు పోసి, మనం గోడలకు మట్టి తొక్కినట్లుగా గంటల తరబడి కాళ్ళతో తొక్కేవారు. జిడ్డు పోవటానికి ఆ నీళ్ళలో ఏం కలిపేవారో తెలుసా? నిలవబెట్టిన మూత్రం! అందులో పుట్టే అమోనియా జిడ్డును విడగొడుతుంది. జిడ్డు పీల్చే ఒకరకం మట్టి కూడా వాడేవారు. మన ఇళ్ళలో ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి ఆ జాతిదే.

తొక్కటంవల్ల మరొక లాభం ఉన్నది. ఉన్నిపోచను సూక్ష్మదర్శినిలో చూస్తే, దానిమీద చేప పొలుసులవంటి సన్నని పొలుసులు కనిపిస్తాయి. తడిలో తొక్కినకొద్దీ ఈ పొలుసులు ఒకదానితో ఒకటి మెలిపడి, బట్ట కుదించుకుని దట్టంగా తయారవుతుంది. అటువంటి బట్ట చలిగాలిని ఆపుతుంది.

ఈ పనివారికి ఇంగ్లండులో ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పేరు ఉండేది. నైరుతి దిక్కున ‘టక్కర్’ అన్నారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు మూలార్థం ‘బాధపెట్టటం’. బట్టను అంతగా హింసించేవారన్నమాట! ఆగ్నేయంలో లాటిన్ మాటనుంచి వచ్చిన ‘ఫుల్లర్’ అనే పేరు వాడారు. ఉత్తరాన మాత్రం ‘వాకర్’ అన్నారు. ఆ మాటకు మొదట ‘పొర్లించటం, దొర్లించటం’ అని అర్థం. నడక అనే అర్థం తరవాత వచ్చింది.

మరి పనిపేరు ఇంటిపేరు ఎలా అయింది? ఆ కాలంలో ఒకే ఊళ్ళో జాన్‌లు ఎందరో, విలియమ్‌లు ఎందరో ఉండేవారు. పన్ను వసూలు చేసే అధికారి ఏ జాన్‌ను పట్టుకోవాలి? అందుచేత జాన్ అనే వాకర్, జాన్ అనే కమ్మరి అని గుర్తులు పెట్టారు. 1377, 1379, 1381 సంవత్సరాలలో తలపన్ను వేసినప్పుడు రాసిన జాబితాలలో ఇలాంటి పేర్లెన్నో ఉన్నాయి. 1400 నాటికి ఇంగ్లండులో చాలామందికి తండ్రి ఇంటిపేరే కొడుక్కు రావటం మొదలయింది. కొడుకు రొట్టెలు కాల్చేవాడైనా సరే, పేరు వాకరే!

అయితే, వింత చూడండి. ఈ పేర్లు స్థిరపడకముందే తొక్కే పని యంత్రాల చేతికి పోసాగింది. ఏటి నీరు చక్రాన్ని తిప్పుతుంటే, పెద్ద కొయ్యసమ్మెటలు లేచిపడుతూ బట్టను దంచేవి. 1185లో రాసిన ఒక భూముల లెక్కలోనే ఇలాంటి మిల్లుల మాట ఉన్నది. ఎక్సెటర్ రేవు దగ్గర ఉన్న క్రికిల్‌పిట్ మిల్లులో ఒకప్పుడు ఇదే పని జరిగింది. కాళ్ళకు పని తప్పింది. పేరు మాత్రం మిగిలింది. స్కాట్లండు పడమటి దీవులలో మాత్రం ఆడవాళ్ళు తడిబట్టను బల్లచుట్టూ కూచుని, పాటలు పాడుతూ చేతులతో మర్దించటం 20వ శతాబ్దం దాకా సాగింది.

నేటి వాకర్లందరూ ఒకే వంశంవారని అనుకోకండి. ఊరూరా బట్ట తొక్కేవారుండేవారు గనక, ఈ పేరు అనేకచోట్ల విడివిడిగా పుట్టింది.

రాజులకు శిలావిగ్రహాలు నిలబెట్టారు. చలికాలంలో, కంపుకొట్టే తొట్లలో మోకాళ్ళలోతున నిలబడి, దేశానికంతటికీ వెచ్చని బట్ట ఇచ్చినవారికి విగ్రహాలు లేవు. వారి కష్టాన్ని బడిపిల్లల హాజరుపట్టీలు ఈనాటికీ గుర్తుచేస్తూ ఉన్నాయి.

మన తెలుగువారిలో ఇంటిపేరు ముందు వస్తుంది; ఇంగ్లీషువారికి చివర వస్తుంది. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరిపేరే. మీ ఇంటిపేరు ఏ ఊరినుంచి వచ్చిందో, లేక ఏ పనినుంచి వచ్చిందో ఈ రాత్రి భోజనాల దగ్గర మీ తాతగారిని అడిగి చూడండి!