చోడవరం: చెరకు బళ్ల ఊరు, జీపుల దారి

చోడవరానికి రైలు లేదు. అనకాపల్లిలో దిగి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు బస్సులోనో సర్వీసు ఆటోలోనో రావాలి. విశాఖ నుంచయితే పెందుర్తి, సబ్బవరం మీదుగా దారి. భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్లే బీఎన్ రోడ్డు ఊళ్లోంచే పోతుంది. వడ్డాది, మాడుగుల దాటి గరికబంద దగ్గర ఘాట్ ఎక్కితే పాడేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగేదాకా ఇదంతా విశాఖ జిల్లాయే. ఇప్పుడు చోడవరం అనకాపల్లి జిల్లాలో ఉంది, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రమైంది. జిల్లాలు వేరైనా మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మం మాత్రం చోడవరమే.

ఊరికి పెద్ద దిక్కు స్వయంభూ విఘ్నేశ్వరుడు. విగ్రహం పైభాగమే కనిపిస్తుందనీ, మిగతాది నేలలోనే ఉందనీ చెబుతారు. గౌరీశ్వరాలయానికీ అంతే పేరుంది. కొత్తగా కొన్న ట్రాక్టరైనా ఆటో అయినా ముందు గణపతి గుడికే వస్తుంది. బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ఎదురుగా ఒక కొబ్బరికాయ. నిమ్మకాయలు చితికాకే బండి పనిలోకి దిగుతుంది.

ఆ పని చాలామందికి చెరకే. రైవాడ, కోనాం జలాశయాల నీళ్లు, శారద, బొడ్డేరుల పరీవాహకం కలిసి ఈ చుట్టుపక్కల చెరకుని పెంచాయి. కొంత బెల్లమై అనకాపల్లి మార్కెట్‌కి పోయేది, కొంత గోవాడ ఫ్యాక్టరీకి వెళ్లేది. దాని అసలు పేరు చోడవరం సహకార చక్కెర కర్మాగారం. జనం నోట మాత్రం ‘గోవాడ’ అంటే చాలు. క్రషింగ్ మొదలైతే ఫ్యాక్టరీ దారిలో బళ్ల వరస కాటా దాకా సాగేది. ఒకప్పుడు ఆ వరసంతా ఎడ్లబళ్లే. ఎద్దులకి గడ్డి వేసి, బండి కిందే దుప్పటి పరుచుకుని రైతు తన వంతు కోసం కాచుకునేవాడు. తర్వాత ఆ వరసలోకి ట్రాక్టర్లు వచ్చాయి.

ఇక్కడే ఈ ఊరికి అమెరికా తగిలింది. మన రైతు ‘మహీంద్రా’ అని పిలిచే ట్రాక్టరుకి పునాది 1963లో పడింది. షికాగోకి చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో మహీంద్రా చేతులు కలిపిన ఏడాది అది. అమెరికా కారు అనగానే మనకి సినిమాల్లో చూసిన పడవంత షెవర్లేలు, డాడ్జిలు గుర్తొస్తాయి. అవి జమీందార్ల దివాణాల దగ్గరే ఆగిపోయాయి. పల్లెకి దిగింది ట్రాక్టరు, కొండెక్కింది జీపు.

జీపుది యుద్ధకాలపు పుట్టుక. గుర్రం స్థానంలో ఏ దారైనా పట్టగల తేలికపాటి బండి కావాలని 1940లో అమెరికా సైన్యం కంపెనీలని అడిగింది. బాంటమ్ అనే చిన్న సంస్థ మొదటి నమూనా చేసిచ్చింది. పెద్ద ఎత్తున తయారుచేసే తాహతు దానికి లేకపోవడంతో ఆర్డర్లు విల్లీస్‌కీ ఫోర్డుకీ వెళ్లాయి. యుద్ధం ముగిసేసరికి 6 లక్షలకి పైగా జీపులు తయారయ్యాయి. 1947లో మహీంద్రా ఆ విల్లీస్ జీపు భాగాలని బొంబాయికి తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. పెట్రోలు భారమయ్యాక తన ట్రాక్టరు వంశపు డీజిల్ ఇంజన్‌నే జీపుకీ అమర్చింది. అలా గోవాడకి చెరకు లాగిన ఇంజనూ, పాడేరు ఘాట్‌లో మనుషుల్ని మోసిన ఇంజనూ దాయాదులయ్యాయి.

ఆ మోత ఎలాంటిదో ఏజెన్సీ వారపు సంత రోజు సర్వీసు జీపుని చూస్తే తెలుస్తుంది. ముందు సీట్లో డ్రైవరుకి అటొకరు, ఇటొకరు. గేరు మార్చాలంటే పక్కవాడు మోకాలు జరపాలి. వెనక ఎదురుబొదురు బల్లల మీద ఎంతమంది పడితే అంతమంది. టాపు మీద పసుపు బస్తాలు, చింతపండు, అడ్డాకుల కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు. వెనక కడ్డీ పట్టుకుని వేలాడే కుర్రాడు మలుపు రాగానే రేకు మీద కొడతాడు. చట్టం ఒప్పే ప్రయాణం కాదది, ప్రమాదాలూ జరిగాయి. కానీ బస్సు వెళ్లని గూడేల్లో ఆసుపత్రికైనా, కాలేజీకైనా, పెళ్లికైనా చాలాకాలం ఆ బండే దిక్కు. అది ఆగిపోతే డ్రైవరే బానెట్ ఎత్తి బాగుచేసుకునేవాడు.

బండి నిలిచింది గానీ దాన్ని పుట్టించిన కంపెనీలు నిలవలేదు. విల్లీస్‌ని 1953లో కైజర్ కొంది. 1970లో జీపు అమెరికన్ మోటార్స్‌కి, 1987లో క్రైస్లర్‌కి చేరింది. ఆ క్రైస్లర్ జర్మనీ వాళ్ల చేతుల్లోంచి ఇటలీ వాళ్ల చేతుల్లోకి వెళ్లి, 2021 నుంచి స్టెలాంటిస్‌లో భాగమైంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1980ల నడుమ వ్యవసాయ యంత్రాల వ్యాపారాన్నే అమ్మేసుకుంది. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ రెండూ దివాలా పిటిషన్ వేస్తే అమెరికా ప్రభుత్వమే డబ్బు పోసి నిలబెట్టింది. 1950లో 18 లక్షలు దాటిన అమెరికా కార్ల నగరం డెట్రాయిట్ జనాభా 2020 నాటికి 6.4 లక్షలకి పడిపోయింది.

మన దేశంలో కార్లు అమ్మడమూ అమెరికా కంపెనీలకి అచ్చిరాలేదు. ఫోర్డు, జనరల్ మోటార్స్ 1920ల్లోనే ఇక్కడ కార్లు బిగించి, 1950ల్లో ప్రభుత్వ విధానం మారగానే మూటాముల్లె సర్దుకున్నాయి. 1990ల్లో మళ్లీ వచ్చాయి. 2017 చివర్లో జనరల్ మోటార్స్ ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, 2021లో ఫోర్డు తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. చిన్న కారు, తక్కువ ఖర్చు, ఊరూరా మెకానిక్కు అనే లెక్క మారుతికి తెలిసినట్టు వాళ్లకి తెలియలేదు. అమెరికాలోనూ 2018లో ఫోర్డు మామూలు కార్లని దాదాపుగా వదిలేసి ట్రక్కులు, ఎస్‌యూవీల మీదే నిలబడతానంది. కొండదారి జనం ఎప్పుడో ఎంచుకున్న బండినే ఆ దేశమూ చివరికి ఎంచుకుంది.

కథలో ఇంకో మలుపుంది. 2018లో మహీంద్రా ‘రాక్సర్’ పేరుతో పాత జీపు వంశపు బండిని మిషిగన్‌లోనే తయారుచేసింది. అది మా జీపు రూపమేనని ఫియట్ క్రైస్లర్ ఫిర్యాదు చేసింది. 2020లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ఆ వాదనే ఒప్పుకోవడంతో మహీంద్రా బండి రూపం మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు చోడవరం దారుల్లో జీపుల కంటే ఆటోలూ బొలేరోలే ఎక్కువ. చెరకు వేసేవాళ్లు తగ్గారు. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. గోవాడ బకాయిలతో కుంగిపోయింది. డెట్రాయిట్ కంపెనీలకి అమెరికా ప్రభుత్వం చెయ్యందించినప్పుడు చూసింది లాభనష్టాల్నే కాదు, వాటి మీద బతికే ఊళ్లని కూడా. గోవాడ విషయంలోనూ చూడాల్సింది అదే.

ఇక బీఎన్ రోడ్డు గుంతల గురించి ఇక్కడ ఎవరిని కదిపినా ఓ పురాణం చెబుతారు. జీపు ఎక్కడైనా పోతుంది నిజమే, అలాగని అంబులెన్సు కూడా పోవాలనుకుంటే ఎలా? బండి ఏ దేశం నుంచి వచ్చినా రోడ్డు వేసుకోవాల్సింది మనమే. పాలకులు ముందు ఆ పని చెయ్యాలి.