సైకిలు దిగే చోటు

మా ఊళ్ళో మా నాయన సైకిలు దిగే చోటు ఒకటుండేది. రామాలయానికి ఇవతల, చింతచెట్టు కింద. మాదిగపల్లెలోంచి అక్కడిదాకా తొక్కుకుంటా వచ్చేవాడు. చెట్టు రాగానే దిగి, కాళ్ళ చెప్పులు తీసి హ్యాండిలుకి తగిలించి, పెద్దబజారు పొడుగునా నడిపించుకుంటా పోయేవాడు. ఆసాముల ఇళ్ళన్నీ అయిపోయి, కరణంగారి దొడ్డి దాటినాక చెప్పులేసుకుని మళ్ళీ ఎక్కేవాడు. తారురోడ్డుకి పోవాలంటే ఆ బజారు తప్ప వేరే దారి లేదు. ఆ బజార్లో సగం మంది కాళ్ళకున్న చెప్పులు మా నాయన కుట్టినవే.

వెనక క్యారియర్ మీద నేనుండేవాణ్ణి. నన్నూ దించేవాడు. ఎందుకు నాయనా దిగటం అంటే, "టైర్లో గాలి తక్కువుందిరా పెద్దోడా" అనేవాడు. వంగి వెనకటైరు బొటనవేలితో నొక్కి చూసేవాడు కూడా. నాకప్పుడు ఆరేడేళ్ళు. రోజూ ఆ చెట్టు కాడికి రాగానే గాలి ఎందుకు తగ్గుద్దో, కరణంగారి దొడ్డి దాటగానే పంపు లేకుండా ఎట్టా నిండుద్దో నాకు అర్థమయ్యేది కాదు. అర్థమైనాక అడగటం మానేశాను.

చట్టం లేక కాదు. రోడ్డు మీద, దారి మీద అంటరానితనం పాటిస్తే నేరమని 1955లోనే చట్టమొచ్చింది. 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం చేశారు. వీటిలో ఎక్కడా సైకిలు అనే మాట లేదు. 2015లో చేసిన సవరణలో వచ్చింది. దళితుణ్ణి సైకిలు గానీ మోటారుసైకిలు గానీ ఎక్కనివ్వకపోయినా, చెప్పులు వేసుకోనివ్వకపోయినా, కొత్తబట్టలు కట్టుకోనివ్వకపోయినా నేరమని విడమరిచి రాశారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. పేపర్లో చదివి చాలాసేపు అట్లాగే కూచున్నాను. మా నాయన పోయి అప్పటికి పదిహేడేళ్ళు.

ఇంతా చెప్పి, నేను చెప్పబోయేది యూనివర్సిటీలో బండి పెట్టుకునే చోటు గురించి. ఇదీ ఒక బాధేనా అంటారని తెలుసు. నాతో పనిచేసిన వాళ్ళు అన్నారు కూడా.

ఎమ్మే చదవటానికి 1982లో యూనివర్సిటీకి వచ్చాను. నాయన సైకిలు నాకిచ్చి, తను సంతకి నడిచిపోవటం మొదలుపెట్టాడు. లైబ్రరీ పక్కన రేకుల సైకిలు స్టాండు ఉండేది. స్టాండతను అల్యూమినియం బిళ్ళలు రెండు తీసి, ఒకటి హ్యాండిలుకి తగిలించి, రెండోది మన చేతికిచ్చేవాడు. నాకు ఎక్కువగా నలభై ఏడో నెంబరు వచ్చేది. హాస్టలు లిస్టులో, స్కాలర్‌షిప్పు లిస్టులో నా పేరు పక్కన నా కులం ఉండేది. మెస్సులో తెలిసేది, క్లాసులో తెలిసేది. ఆ బిళ్ళ మీద మాత్రం నెంబరొక్కటే. గేటు నుంచి హాస్టలు దాకా రెండు కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా తొక్కొచ్చు. పని లేకపోయినా సాయంత్రాలు అటూ ఇటూ తిరిగేవాణ్ణి. పిచ్చోడు అనుకునుంటారు.

1984లో నాయన నన్ను చూడటానికి వచ్చాడు. బస్టాండు నుంచి సైకిలు మీద వెనక కూచోబెట్టుకుని తీసుకొస్తున్నాను. యూనివర్సిటీ గేటు కనపడిందో లేదో, వెనక బరువు తగ్గింది. దిగేశాడు. వంగి చెప్పులు తీస్తున్నాడు.

"ఎక్కు నాయనా, ఇక్కడ అట్టాంటియ్యేం లేవు."

"లోపల పెద్దోళ్ళుంటారు గదరా" అన్నాడు.

ఎంత చెప్పినా ఎక్కలేదు. నేనూ దిగి, ఇద్దరం రెండు కిలోమీటర్లూ నడిచాం. దారిలో నా క్లాసువాళ్ళు కనపడ్డారు. టైరు పంక్చరైందని చెప్పాను.

తర్వాతి సంవత్సరం జూలై 17న కారంచేడు జరిగింది. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న చుండూరు. మనుషుల్ని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేసిన ఆ దారుణానికి మొదలు సినిమా హాల్లో కాలు తగలటం. నీళ్ళ దగ్గర ఎక్కడ నిలబడాలి, హాల్లో కాలు ఎక్కడ పెట్టాలి అనే కాడే మా ప్రాణాలు పోయాయి. అందుకే చోటు గురించిన మాటని నేను చిన్న మాట అనుకోలేను.

చుండూరు జరిగిన నెలకి నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళకి సొసైటీలో అప్పు పెట్టి బజాజ్ చేతక్ కొన్నాను. బూడిదరంగుది. ఒకప్పుడు ఆ బండికి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూసేవాళ్ళు. నేను కొనేనాటికి షాపులో రంగు ఎంచుకునే రోజులొచ్చాయి. అందరికీ అట్లాగే వచ్చినందువల్ల యూనివర్సిటీలో స్కూటర్లు ఎక్కువైనాయి. 1995లో రిజిస్ట్రారు సంతకంతో సర్క్యులరు వచ్చింది. ఇకనుంచి ప్రతి బండికీ స్టిక్కరుండాలి. టీచర్లకి నీలం, నాన్‌టీచింగ్ వాళ్ళకి ఆకుపచ్చ, విద్యార్థులకి పసుపు. బయటివాళ్ళు గేటు దగ్గర రిజిస్టర్లో రాసి చీటీ తీసుకోవాలి. ఒకరి షెడ్డులో ఇంకొకరు పెడితే చక్రానికి గొలుసు వేస్తారు, గాలి తీస్తారు, పాతిక రూపాయలు జరిమానా. పోర్టికో ముందు ఎవరూ బండి ఆపకూడదు. నిబంధనలు అందరికీ వర్తిస్తాయి అని చివర ఒక వాక్యం.

నిబంధన మంచిదే. చదివి సంతోషించాను కూడా. అందరికీ ఒకటే కాయితం కదా.

స్టిక్కర్లు అచ్చయి రావటానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ గేటు దగ్గర ఎవరికీ స్టిక్కరు లేదు. నా ముందు స్కూటరు పోయేది, నా వెనక స్కూటరు పోయేది, మధ్యలో నా బండి ఆగేది. "ఎవురయ్యా నువ్వు, యాడికి?" లెక్చరర్నని చెబితే కార్డు చూపించమనేవాళ్ళు. కార్డు చూసినాక సారీ సార్ అనేవాళ్ళు. మర్నాడు మళ్ళీ మామూలే. నా నలుపో, నా చొక్కానో, నేను మాట్లాడే తీరో, ఏం చూసి ఆపుతున్నారో నాకు తెలియలేదు. ఒకరోజు కార్డు మర్చిపోయి వచ్చాను. బయటివాళ్ళ రిజిస్టర్లో పేరు రాసి, 'ఎవరి కొరకు' అన్న గడిలో నా పేరే రాశాను. ఎవరూ గమనించలేదు.

అంబేద్కర్ తన అనుభవాలు కొన్ని రాసి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని పేరు పెట్టాడు. అందులో 1929 నాటి చాలీస్‌గావ్ సంగతి ఉంది. టాంగావాళ్ళు బండి ఇచ్చారు గానీ అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలితే పరువు పోతుందని తోలలేదు. ఎన్నడూ టాంగా తోలి ఎరగని మహర్ ఒకతను తోలాడు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుని అంబేద్కర్ కిందపడ్డాడు, కాలు విరిగింది. అప్పటికే ఆయన బారిష్టరు. మొదటిసారి చదివినప్పుడు కాలు విరగటం గురించే బాధపడ్డాను. గేటు దగ్గర నిలబడ్డాక ఆ పేరు ఎందుకు పెట్టాడో తెలిసింది.

స్టిక్కరు వచ్చింది. ఆకుపచ్చది.

ఆర్సీ జిరాక్సు, లైసెన్సు జిరాక్సు, డిపార్టుమెంటు హెడ్డు సంతకం అన్నీ పెట్టాను. లెక్చరర్ అని నా చేత్తో రాశాను. ఆఫీసులో గుమాస్తా కాయితం చదవలేదు, దాన్ని పట్టుకొచ్చిన మనిషిని చూశాడు. మార్చమని వెళితే, "లోపలికి రానిస్తారు గదండీ, రంగుదేముంది" అన్నాడు. నీలానివి అయిపోయాయి, వచ్చే నెల రండి అన్నాడు. పక్క బల్ల మీద నీలం కట్ట కనపడతానే ఉంది. నేను గొడవపడలేదు. ఎందుకు పడలేదో ఇప్పటికీ చెప్పలేను. చింతచెట్టు కాడ గాలి తక్కువుంది అనే జబ్బు నాక్కూడా ఉన్నట్టుంది.

ఆకుపచ్చ స్టిక్కరు అతికించి టీచర్ల షెడ్డులోనే పెట్టాను. అది నా పంతం. పదిరోజులు ఏమీ కాలేదు. పదకొండో రోజు క్లాసయ్యి బయటికి వస్తే ముందు చక్రానికి గొలుసు, రెండు టైర్లూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. నేను పాఠం చెప్పే పిల్లలు. షెడ్డుకి ఎదురుగా, పోర్టికో ముందర, 'ఇచట వాహనములు నిలుపరాదు' అన్న బోర్డుకి ఆనించి ఒక ప్రొఫెసరుగారి తెల్లకారు రోజులాగే ఆ రోజూ ఉంది. దాని నాలుగు టైర్లూ నిండుగా ఉన్నాయి.

ఆ కోపంలో రాశాను. రెండు పేజీల ఫిర్యాదు. ఇంతకు ముందు మింగిందంతా అందులో కక్కాను. గుమాస్తాని గురించి, ఆపిన వాళ్ళందర్ని గురించి, తెల్లకారు గురించి. అన్నిటికంటే ముందు, గాలి తీసిన వాచ్‌మన్ని గురించి. అతని డ్యూటీ నెంబరు కనుక్కుని మరీ రాశాను.

ఫిర్యాదులో మిగతా మాటలన్నీ ఏ ఫైల్లో కలిశాయో తెలియదు. ఆ నెంబరు ఒక్కటి పనిచేసింది. మూడోరోజుకల్లా నాకు నీలం స్టిక్కరు మనిషి చేత పంపించారు. వాచ్‌మన్ని తీసేశారు.

వారం తర్వాత పొద్దుగూకేవేళ అతను మా ఇంటికొచ్చాడు. యూనిఫారం లేదు, లుంగీ, పాత చొక్కా. పాతికేళ్ళు కూడా ఉండవు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం అవతలే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మీరూ మనోళ్ళేనంట గద సార్" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

"తెలిస్తే తియ్యకపోదును సార్. రోజుకి రెండు బళ్ళన్నా పట్టకపోతే మా సూపర్వైజరు ఊరుకోడు. ఆ కారు జోలికి పోయి ఇంతకు ముందు ఒకడు పనిపోగొట్టుకున్నాడు. మీ బండికి పచ్చ చీటీ ఉంది గదా, ఏ అటెండరుదో అనుకున్నా."

అటెండరుదయితే గాలి తియ్యొచ్చు అని అతనన్న మాట అతనికి తప్పనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకూ అనిపించలేదు. నన్ను అటెండరనుకున్నందుకే కదా నాకంత కోపం. అటెండరైతే ఏం అని నా రెండు పేజీల్లో ఎక్కడా లేదు. ఆకుపచ్చ షెడ్డుకి సగానికి పైగా రేకులు ఎగిరిపోయి ఎండ పడుతుందని, ఆ రంగు నాకిచ్చేదాకా నేను తలెత్తి చూడనేలేదు.

మర్నాడు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని వెళ్ళాను. అతను మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి, మాకు సంబంధం లేదన్నారు. ఏజెన్సీకి వెళితే యూనివర్సిటీ వద్దంది, మేమేం చెయ్యమన్నారు. తిరిగాను, రెండు వారాలు తిరిగాను. అతనికి కొంత డబ్బివ్వబోతే తీసుకోలేదు. ఎక్కడన్నా పనుంటే చెప్పండి సార్ అని వెళ్ళాడు. చెప్పటానికి నా చేతిలో ఏ పనీ లేదు. మళ్ళీ కనపడలేదు. పేరు నాకు గుర్తుంది, ఇక్కడ రాయను.

చాలా ఏళ్ళ తర్వాత నన్ను పార్కింగు కమిటీలో వేశారు. మా వాళ్ళొకరు ఉండాలని వేశారని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. హోదాను బట్టి షెడ్డులొద్దు, ముందొచ్చిన వాళ్ళు ముందు పెట్టుకుంటారు అన్నాను. నవ్వారు. గొలుసేసిన బండికి కారణం రాసి చీటీ తగిలించాలన్నది మాత్రం ఒప్పుకున్నారు. ఇప్పుడా యూనివర్సిటీలో గేటు దగ్గర కెమెరాలున్నాయి. నేను రిటైరయ్యి వచ్చేశాను. తెల్లకార్లు పోర్టికో ముందే ఆగుతున్నాయని పిల్లలు చెబుతుంటారు.

ఇంకొకటి చెప్పాలి. 1996 సంక్రాంతి వెళ్ళినాక నాయన చివరిసారి నా దగ్గరికి వచ్చాడు. చూపు మందగించింది. స్కూటరు మీద వెనక కూచోబెట్టుకుని, నేను పాఠం చెప్పే గది చూపిస్తానని తీసుకొస్తున్నాను. గేటు దగ్గర పడగానే నా భుజం తట్టాడు.

"ఆపరా, దిగుతా."

నేను ఆపలేదు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ నీలం స్టిక్కరు చూసి సెల్యూట్ కొట్టి గొలుసు దించాడు. నాయన నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. షెడ్డులో బండి ఆపి వెనక్కి తిరిగితే, చెప్పులు రెండూ చంకలో ఉన్నాయి. కదిలే బండి మీద ఎప్పుడు తీశాడో తెలియదు.

కిందికి దించి చెప్పులు వేశాను. అలవాటు కొద్దీ వంగి వెనకటైరు నొక్కి చూశాడు. తర్వాత గేటు వైపు తిరిగి కళ్ళు చికిలించాడు.

"ఆ గేటుకాడ పిలగాడు ఎవురోళ్ళురా?"

"తెలియదు నాయనా."

"అడగలా?"

"లేదు" అన్నాను.