వేట తెలిసినవాళ్ళు

మా పంచాయితీకి జీవవైవిధ్య నిర్వహణ సమితి అని ఒకటి ఉంది. ఉందని మా ఊళ్ళోనే సగంమందికి తెలియదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయితీ ఇటువంటి సమితిని వేసుకోవాలి. 2004లో వచ్చిన నియమాలు దాని లెక్క చెప్పాయి. ఒక అధ్యక్షుడు, పంచాయితీ ఎంపిక చేసిన సభ్యులు ఆరుగురికి మించకుండా. వారిలో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు, నూటికి 18 వంతులకు తగ్గకుండా షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు. ఊరి చుట్టూ ఉన్న చెట్టూ చేమా, పిట్టా జంతువూ, వాటి గురించి ఊరివాళ్ళకు తెలిసిన సంగతులూ ఒక దస్తరంలో రాసిపెట్టడం సమితి ముఖ్యమైన పని.

చట్టం వచ్చి పదిహేనేళ్ళయినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా నిలదీసి, 2020 జనవరి నెలాఖరుకు గడువు పెట్టాక పరుగులు మొదలయ్యాయి. 2016లో దేశం మొత్తం మీద పదివేలకు లోపున్న సమితులు నాలుగేళ్ళలో రెండు లక్షలు దాటాయి. అంత తొందరగా పుట్టిన బిడ్డలకు పాలెవరు పట్టారో, పేర్లెవరు పెట్టారో మీరే ఊహించుకోండి. మా సమితి కూడా ఆ కాన్పులో పుట్టిందే.

నేను రిటైరయిన మేష్టరుని. బాగేపల్లి తాలూకా బళ్ళలో ముప్ఫైయేళ్ళు కన్నడంలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకున్నవాణ్ణి. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది కథ ఇదే. చదువుకున్నవాడన్న లెక్కన నన్ను మొదటి సమితిలో వేశారు. మూడేళ్ళలో కూర్చున్నది రెండుసార్లు. దస్తరం మాత్రం తయారయింది. పట్నం నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, రెండు రోజులుండి, రాసి ఇచ్చిపోయారు. అందులో నెమలి ఉంది, కోతి ఉంది, అడవిపంది ఉంది. 'స్థానిక నామం' అన్న గడిలో అలుగుకు ఎదురుగా 'చిప్పుహంది' అని ఉంది. చక్కటి కన్నడ మాటే, కాదనను. కాని మా ఊళ్ళో ఏ ముసలమ్మనడిగినా అది అలుగే. చెవులపిల్లిని 'మొల' అన్నారు, ఎలుగుబంటిని 'కరడి' అన్నారు, దుమ్ములగొండిని 'కత్తె కిరుబ' అన్నారు. ఆ పుస్తకం మా పంచాయితీదని చెప్పడానికి అట్ట మీద పేరు తప్ప లోపల ఆధారం లేదు.

గడువు తీరి కొత్త సభ్యులను వేయవలసి వచ్చినప్పుడు కథ మొదలయింది. జాబితా ముందే తయారై ఉంది. జల్లి కాంట్రాక్టరు ఒకాయన, పాత అధ్యక్షుడి బావమరిది, సంతకం పెట్టను రాని ఇద్దరు ఆడవాళ్ళు (వాళ్ళ భర్తలు పెడతారట), తెగలవారి లెక్కకింద బెంగుళూరులో ఆటో తోలుకుంటున్న ఒక కుర్రవాడు. ఆ కుర్రవాడు ఊరికి వచ్చేది ఉగాదికీ జాతరకూ. నేను లేచి, ఆ చోట మా బోయ తాతను వేయండి అన్నాను. బోయలకు మా రాష్ట్రంలో నాయక అనే పేరుతో తెగలవారి లెక్క ఉంది కాబట్టి నియమానికీ అడ్డం లేదు.

ఆ తాత సంగతి ఊరంతటికీ తెలుసు. వాళ్ళ నాయన, తాత వేట మీద బతికినవాళ్ళు. ఈయన కూడా వయసులో ఉన్నప్పుడు ఉచ్చులూ వలలూ పట్టుకొని తిరిగినవాడే. పంచాయితీ సభ్యుడొకాయన వెంటనే, "ఏం మేష్ట్రూ, దొంగ చేతికి తాళమిస్తామా?" అన్నాడు. నవ్వారు. నవ్వదగిన మాటే. కాని ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను.

మన దేశంలో అడవి జంతువులను కాపాడాలని మొదట సంఘాలు పెట్టుకున్నది ఎవరు? 1877లో నీలగిరిలో వేటకు వెళ్ళే దొరలే ఒక సంఘం పెట్టుకున్నారు. కొండ మీద జంతువులు తరిగిపోతే రేపు తమకు వేట ఉండదని వాళ్ళ భయం. రెండేళ్ళలో దానికి చట్టం కూడా తెప్పించుకున్నారు. ఆ సంఘమే పేరు మార్చుకొని వన్యప్రాణి, పర్యావరణ సంఘంగా కొనసాగింది. మైసూరు మహారాజులు వేటాడిన అడవే బందీపూరు. 1973లో అది పులుల రక్షణ పథకంలో చేరింది. అమెరికాలో 1937 నుంచి తుపాకుల మీదా తూటాల మీదా వేసే పన్నునే జంతువుల రక్షణకు ఖర్చు పెడుతున్నారు. అక్కడ వేటగాళ్ళ సంఘాలలో కొత్త సభ్యులు చేరితే ఊరికి పెద్దమనిషి వచ్చినట్టు చెప్పుకుంటారు. సాలిం అలీ పక్షుల శాస్త్రంలోకి వచ్చింది చిన్నప్పుడు ఎయిర్‌గన్నుతో కొట్టిన ఒక పిచ్చుక పేరు తెలుసుకోవడానికి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం గడప తొక్కడం వల్ల.

దొర తుపాకి దించితే సంరక్షకుడు. రాజు దించితే అభయారణ్యం. బోయవాడు ఉచ్చు దించితే మాత్రం వాడు మాజీ దొంగ. 1911లో మద్రాసు రాజధానికి కూడా తెచ్చిన నేరస్థ జాతుల చట్టం ఎరుకలవంటివాళ్ళను పుట్టుకతోనే దొంగలంది. ఆ చట్టం 1952లో పోయింది, మాట మిగిలింది. కన్నప్పకు గుడిలో హారతి ఇస్తాం, ఆయన కులంవాడికి కుర్చీ వేయడానికి వెనకాడతాం.

వేట మంచిదని నేననడం లేదు. 1972 చట్టం రాకపోయి ఉంటే ఈపాటికి చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు. నేనన్నది ఒక్కటే. జంతువు ఎటు నడుస్తుందో, ఎప్పుడు నీళ్ళకొస్తుందో, ఏ నెలలో పిల్లలు పెడుతుందో తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్ళకది తెలిసింది వేటవల్లనే. వాళ్ళు పోతే ఆ తెలివి కూడా పోతుంది. చివరికి తాతనూ, చింతామణి తాలూకా కైవారం వైపునుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన గొర్రెలు కాసే అక్కనూ కొత్త సభ్యులుగా వేశారు. కాంట్రాక్టరు కూడా ఉన్నాడు. ఆయనను తప్పించడం నాకు చేతనయ్యే పని కాదు.

మొదటి సమావేశానికి తాత గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "మేష్ట్రూ, నన్ను పిలిచింది కేసు పెట్టేకేమన్నానా?" అన్నాడు. కాదు తాతా, సభ్యుడివయ్యావు, లోపలికి రా అంటే కుర్చీలో కూర్చోక గోడకానుకొని నేలమీద కూర్చున్నాడు. దస్తరం తీసి ఒక్కొక్క పేరే చదివాను. చిప్పుహంది అనగానే అదేమని అడిగాడు. అలుగు అన్నాను. "అలుగా! అది పోయి ఇరవై ఏండ్లాయ. దాని పొలుసుకు దుడ్లిస్తామని ఎవరెవరో వస్తిరి. చీమల పుట్ట తవ్విండేది చూస్తే తెలిసిపోతుంది. ఒకటే పిల్ల పెడుతుంది, దాన్ని తోక మీద ఎక్కించుకొని తిరుగుతుంది" అన్నాడు. దేశదేశాల మధ్య అలుగు వ్యాపారాన్ని పూర్తిగా ఆపాలని ప్రపంచ దేశాలు తీర్మానించింది 2016లో. మా గుట్టకు ఆ తీర్మానం ఆలస్యంగా వచ్చిందన్నమాట.

ఆ రోజు మూడు గంటలు కూర్చున్నాం. కౌజును పట్టడానికి దీమపు పిట్టను ఎలా పెంచేవారో, దాని కూతకు అడవి కౌజు రోషపడి ఎలా దగ్గరికి వచ్చేదో చెప్పాడు. చెవులపిల్లి రోజూ ఒకే దారిన పోతుందనీ, ఆ దారి గడ్డిలో గీత గీసినట్టుంటుందనీ చెప్పాడు. చెవులపిల్లి కాదు, కుందేలనాలి అని అక్క. మీ కైవారంలో అనుకో, ఇక్కడ చెవులపిల్లే అని తాత. రెండూ రాశాను. వాళ్ళ నాయన బట్టమేకను చూశాడట, తాను చూడలేదట. దానికోసం కర్నూలు వైపు రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు, అక్కడ కూడా ఇప్పుడు అది కనబడటం గగనమే. దస్తరంలో 'పూర్వం', 'ఇప్పుడు' అని రెండు గడులున్నాయి. పట్నం కుర్రాళ్ళు రెంటిలోనూ 'సామాన్యం' అని రాసిపోయారు. ఆ గడులకు అర్థమేమిటో ఆ రోజు తెలిసింది.

స్థానిక నామం గడిలో తెలుగు మాటలు రాయొచ్చా అని ఆఫీసులో అభ్యంతరం వచ్చింది. స్థానికం అంటే ఇక్కడి నోళ్ళలో ఉన్నది అని నేను. అవే పేర్లు కన్నడ లిపిలో రాద్దామని ఒప్పుకున్నారు. అంతకంటే నేను అడగలేదు. 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశం బాగేపల్లికి భాగ్యనగర అని పేరు పెట్టాలని తీర్మానించింది. ఊరి పేరు మార్చడానికి మంత్రివర్గమైనా కూర్చోవాలి. పిట్ట పేరు పోవడానికి ఒక ముసలాయన పోతే చాలు.

ఒక ఆదివారం కొత్త సభ్యులందరం బస్సెక్కి, కొడికొండ చెక్‌పోస్టు దాటి చిలమత్తూరు మండలం వీరాపురం వెళ్ళాం. ఏటేటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. సైబీరియా కొంగలని పేపర్లు రాస్తుంటాయి గాని, వాటికి సైబీరియాతో పనిలేదు, మన దేశపు పక్షులే. ఊరివాళ్ళు వాటిని కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. మద్దూరు దగ్గర కొక్కరెబెళ్ళూరులో కూడా అంతే. 2007లో దాన్ని సముదాయ సంరక్షిత ప్రాంతమన్నారు. ఆ చట్టం కింద నడిపే సమితిలో పంచాయితీ పంపే ఐదుగురూ, అటవీశాఖ నుంచి ఒక్కరూ ఉండాలి. ఐదుకు ఒకటి అన్న ఆ లెక్క నాకు నచ్చింది. తాత మాత్రం చట్టం మాట వినలేదు. చింతచెట్టు కింద మెడ పైకెత్తి నిలబడి గూళ్ళు లెక్కపెడుతున్నాడు. రెట్ట భుజం మీద పడినా కదలలేదు. "మా కాలంలో ఇట్ల చెట్టు చూస్తే వల తెచ్చేకి పరిగెత్తుతాంటిమి" అని నవ్వాడు. పక్కనున్న ఆ ఊరి ముసలాయన నవ్వలేదు.

తిరిగి వచ్చిన వారానికి గుట్టకింది చెనిక్కాయ చేల కంచెల వెంట నడిచాం. బైకు క్లచ్చి వైరుతో వేసిన ఉచ్చులు పదకొండు దొరికాయి. నేను కళ్ళజోడు పెట్టుకొని చూసినా కనబడనివి తాత కర్రతో చూపించాడు. ఒక్కొక్కదాన్నీ విప్పుతూ ముడి దగ్గర ఆగేవాడు. ముడి చూస్తే చేయి తెలుస్తుందట. అంటే అవి ఎవరివో ఆయనకు తెలుసు. నేను అడగలేదు. అటవీశాఖ కుర్రవాడు అడిగాడు. వాడి ఉద్యోగం అది, తప్పు పట్టను. తాత కర్ర పక్కన పెట్టి, "ఉచ్చు పీకేది నా పని సామీ. పేరు చెప్పేది కాదు" అన్నాడు.

తరవాతి సమావేశం దాని మీదే నడిచింది. ఇందుకే వద్దన్నానని పంచాయితీ సభ్యుడు ఎగిరాడు. పేరు దాచడం నేరానికి తోడు పోవడమే అన్నాడు కాంట్రాక్టరు. పేలుళ్ళకు భయపడి ఎలుగులూ చిరుతలూ ఊళ్ళమీద పడుతున్న గుట్టలలో సగం ఆయనలాంటివాళ్ళు తవ్వినవే. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లిలో జిలెటిన్ పేలి ఆరుగురు పోయిన సంగతి మా జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఉచ్చుకు ముడి చూసి చేయి చెప్పగలం. గుట్టను మింగిన చేయి ఎవరిదో చెప్పడానికి తాత అక్కర్లేదు, బోర్డు మీదే రాసి ఉంటుంది. అక్క ఆ మాట నాకంటే ముందే అనేసింది. కాంట్రాక్టరు టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

తాత వాదనకు బలం లేకపోలేదు. పోలీసు పని సమితిది కాదు. వేట కేసు అటవీశాఖది. కేసయితే ఏళ్ళ తరబడి జైలు, కోర్టు చుట్టూ తిరుగుళ్ళు. ఈ ముసలాయన నోటితో ఒక్క పేరు బయటపడితే ఆ గుడిసెల్లో ఇంకెవరూ మాకు ఒక పిట్ట పేరు కూడా చెప్పరు. అటువైపు చూస్తే, ఉచ్చులో మెడ తెగిన చెవులపిల్లికి ఈ న్యాయాలేవీ పట్టవు. నేను తాత వైపు నిలబడ్డాను. నా పక్కన ఇంకొకరే ఉన్నారు, కైవారం అక్క.

ఆ రాత్రి తాత ఒక గుడిసె ముందు కూర్చొని పొద్దుపోయేదాకా మాట్లాడి వచ్చాడని విన్నాను. ఏం మాట్లాడాడో చెప్పలేదు. మరుసటి నెల నడిచినప్పుడు మూడు ఉచ్చులే దొరికాయి. ఆ పై నెల ఆరు.

తీసినవన్నీ పంచాయితీ ఆఫీసు బీరువాలో చుట్టలుగా ఉన్నాయి. వాటికి కూడా జాబితా కావాలని పీడీఓ గారు ఒక కాగితం మీద గడులు గీసి పంపారు. తాత ఒక్కొక్క వైరూ చేతిలో తిప్పి చూసి, ఇది చెవులపిల్లికి, ఇది కౌజుకు, ఇది పందికి, ఇది ఉడుముకు అని చెబుతూ ఉంటే నేను రాసుకున్నాను. ఎక్కడ దొరికిందో, ఏ తేదీనో రాశాను. 'ఎవరిది' అన్న గడి ఇరవైసార్లూ ఖాళీగా ఉంది. తాత దాని పక్కనే వేలిముద్ర వేశాడు. కాగితం ఇంకా ఆఫీసుకు పంపలేదు.