ఏ బండి ఎక్కండి, డి బండి కాదు!

రైలు పాటలు మనకి కొత్తేం కాదు కదూ! కానీ నేల కింద తిరిగే రైలు మీద కూడా పాటలున్నాయనీ, అందులో ఒకటి అచ్చంగా దారి చెప్పే పాటేననీ మీరెప్పుడైనా విన్నారా? నేను మాత్రం న్యూయార్క్ వెళ్ళాక, అదీ దారి తప్పాకే తెలుసుకున్నాను.

అమ్మాయి పురుటికని వెళ్ళాను. తను మళ్ళీ ఉద్యోగంలో చేరాక పగలంతా నేనూ, పసిపిల్లా, నాలుగు గోడలూ! పలకరించే మనిషి లేక నోరు ఎండిపోయేది. ఓ ఆదివారం ఫ్లషింగ్‌లోని గణపతి గుడి క్యాంటీన్‌లో దోసె తింటుంటే, "వదినగారూ, మీదే ఊరండీ?" అంటూ ఒకావిడ పక్కన కూర్చున్నారు. రాజమండ్రి ఆవిడ. వాళ్ళమ్మాయి ఉండేది మన్‌హాటన్‌లో, 168వ వీధి దగ్గర. "శనివారం మా ఇంటికి రండి, పులిహోర చేస్తాను" అన్నారు.

అల్లుడు కారులో దింపుతానన్నా వినలేదు. ఒక్కసారైనా నా అంతట నేను వెళ్ళాలనిపించింది.

అక్కడి సబ్‌వే 1904లో మొదలైంది. 472 స్టేషన్లు, రాత్రీ పగలూ బండ్లు తిరుగుతూనే ఉంటాయి. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి డబ్బు కడితే చాలు, పైకి వచ్చేదాకా ఎన్ని బండ్లు మారినా మళ్ళీ అడగరు. బండ్లకి పేర్లుండవు, అక్షరాలూ అంకెలే. 59వ వీధి స్టేషన్లో ఒకే ప్లాట్‌ఫారం మీదికి ఏ బండీ వస్తుంది, డి బండీ వస్తుంది. ముందొచ్చింది ఎక్కేశాను. రెండూ అక్కణ్ణించి 125వ వీధి దాకా ఆగకుండా పోతాయి. 145 దాటాక చూస్తే నా 168 రాలేదు. దిగి బోర్డు చూద్దును కదా, బ్రాంక్స్‌లో బేస్‌బాల్ స్టేడియం దగ్గరున్నాను! కాళ్ళు వణికాయంటే నమ్మండి.

ఫోన్ చేస్తే ఆవిడ ఒకటే నవ్వు. "డి ఎక్కారా! వెనక్కి 145కి వచ్చి, మెట్లెక్కి పై అంతస్తులో ఏ బండి పట్టుకోండి" అన్నారు. గంట ఆలస్యంగా చేరాను. పులిహోర చేతిలో పెట్టి, "ముందు ఈ పాట వినండి" అని ఫోన్లో పెట్టారు. పేరు 'టేక్ ది ఏ ట్రైన్'.

దాని కథ భలే ఉంటుంది. 1938లో పిట్స్‌బర్గ్‌లో బిల్లీ స్ట్రేహార్న్ అనే 23 ఏళ్ళ కుర్రాడు, పేరుమోసిన జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్‌కి తన పాటలు వినిపించాడు. ఆయన మెచ్చుకుని, న్యూయార్క్‌లో తన ఇంటికి ఎలా రావాలో చెప్పాడట. ఆ దారినే కుర్రాడు పాట కట్టేశాడు! 1941లో రికార్డయి, ఎల్లింగ్టన్ బృందానికి గుర్తు పాటైపోయింది. డి బండి 1940లో వచ్చింది. హార్లెమ్ వెళ్ళాల్సిన వాళ్ళు అది ఎక్కి, నాలాగే బ్రాంక్స్‌లో తేలేవారట. ఎనభై ఏళ్ళ కిందటే హెచ్చరించారన్నమాట!

ఆ రోజు నించి వారానికో పాట ఆవిడ చెప్పడం, ఒకటి నేను చెప్పడం. నేను ఘంటసాల పాటలిచ్చాను. ఆవిడ బోస్టన్ చార్లీ పాట ఇచ్చారు. 1949 ఎన్నికల్లో రైలు ఛార్జీలు పెంచారని ఇద్దరు ఆడవాళ్ళు రాసిన పాట అది. దిగేటప్పుడు కట్టాల్సిన ఐదు సెంట్లు లేక చార్లీ రైల్లోనే ఉండిపోతాడు. పెళ్ళాం రోజూ స్టేషన్‌కొచ్చి కిటికీలోంచి శాండ్‌విచ్ అందిస్తుంది. అదే చేత్తో ఆ చిల్లర ఇవ్వొచ్చుగా అని మేమిద్దరం ఎంత నవ్వుకున్నామో! 2006 నించి బోస్టన్ రైలు కార్డుకి చార్లీ పేరే పెట్టారు.

ఇప్పుడు నేను మా ఊళ్ళో, ఆవిడ రాజమండ్రిలో. వారానికో పాట మాత్రం ఆగలేదు.

మీరూ పిల్లల దగ్గరికి వెళ్తే ఇంట్లోనే కూర్చోకండి. బండి మీది అక్షరం చూసుకుని ఎక్కండి. దారి తప్పితే ఫోన్ చెయ్యడానికి ఒక స్నేహితురాలిని సంపాదించుకోండి. పాటల సంగతి ఆవిడే చూసుకుంటుంది!