ఇద్దరు రామదాసులు

కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్తుంటే చాలా దూరం అడవి తోడొస్తుంది. పదిహేడో శతాబ్దంలో ఈ ప్రాంతానికి తహసీల్దారు, నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న. సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడంటారు. అక్కడా పాటే తోడు. వేడుకున్నాడు, అలిగాడు, చివరికి ఏ నగకి ఎంతయిందో రాముడికే లెక్క చెప్పాడు! సంగీత చిత్రానికి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది?

చిత్తూరు నాగయ్య కూడా అదే అనుకున్నాడు. అప్పటికే ఆయన పోతన, త్యాగయ్య, వేమన పాత్రలతో తెలుగువాళ్ల మనసుల్లో కొలువైన నటుడు. రామదాసు చిత్రానికి నిర్మాత, దర్శకుడు, కథానాయకుడు... అన్నీ తానే. తన పాత్రకి పాటలూ తానే పాడుకున్నాడు. కబీరు వేసిన గుమ్మడికి మహమ్మద్ రఫీతో పాడించాడు. 1964లో సినిమా వచ్చింది. పేరు తెచ్చింది కానీ డబ్బులు తేలేదు. ఎడమచేతికి తెలియకుండా దానాలు చేసిన ఆ మనిషి చివరి రోజుల్లో ఇబ్బందులు పడి, 1973లో కన్నుమూశాడు.

మళ్లీ 2006 ఉగాదికి, నవమి పందిళ్లు వేసే వేళకి, 'శ్రీరామదాసు' థియేటర్లకు వచ్చింది. 1997లో 'అన్నమయ్య' తీసిన రాఘవేంద్రరావు, భారవి, కీరవాణి, నాగార్జునల జట్టే ఇది. పాత కీర్తనల పక్కనే కొత్త పాటలూ అల్లారు. రామదాసు గొంతు బాలుది. దారి చూపే కబీరుగా వేసింది హీరో కన్నతండ్రి అక్కినేని! భక్తి కోసం పెద్దవాళ్లూ, నాగార్జున కోసం కుర్రాళ్లూ కదిలారు. ఇల్లిల్లూ కలిసి చూసిన సినిమా అయింది.

ఇలాంటిదే హాలీవుడ్‌లోనూ జరిగింది. ఆస్ట్రియాలోని ట్రాప్ కుటుంబం కథని 1956లోనే జర్మన్లు సినిమాగా తీశారు. లోకానికి గుర్తున్నది మాత్రం 1965లో వచ్చి అయిదు ఆస్కార్లు గెలిచిన 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్'! ముందు నడిచినవాడు దారి వేస్తాడు, పంట వెనకొచ్చినవాడికి దక్కుతుంది.

గోపన్న బాకీ తీర్చడానికి రామలక్ష్మణులే మారువేషాల్లో ఆరు లక్షల మొహరీలు తెచ్చారని మన నమ్మకం. గోపన్న ఖర్చుపెట్టింది సర్కారు సొమ్ము. నాగయ్యది సొంత సొమ్ము. ఆయన బాకీ మాత్రం అలాగే ఉండిపోయింది. ఈసారి నవమికి పిల్లలకి 'శ్రీరామదాసు' చూపించేటప్పుడు, నాగయ్య గొంతులో ఒక్క కీర్తనయినా వినిపించండి. వడ్డీలో కొంతయినా తీరుతుంది!