తోడి పెళ్ళికూతురు

మన సాహిత్యంలో పెళ్ళిని గురించి రాసినవారికి లోటు లేదు. కట్నాన్ని గురించి రాశారు, బాల్యవివాహాన్ని గురించి రాశారు, కాటికి కాళ్ళు చాచిన వరుణ్ణి గురించి రాశారు. పెళ్ళికూతురు పక్కన కూర్చునే పిల్లను గురించి మాత్రం రాసింది తక్కువ. తోడి పెళ్ళికూతురంటే అలంకారమనే భావం మనలో స్థిరపడిపోయింది. యీ మధ్య ఆ ఒక్క పిల్ల కాస్తా ఆరుగురో ఎనిమిదిమందో అయి, ఒకే రంగు బట్టలు తొడిగి, బ్రైడ్స్ మెయిడ్స్ అనే పేరుతో మన పెళ్ళిళ్ళలో కనిపిస్తున్నది. యిది పరదేశపు వేషమని పెద్దలు విసుక్కుంటున్నారు. ముచ్చటగా వుందని పిల్లలు సమర్థించుకుంటున్నారు. యీ రెండు వాదాలూ అసలు ప్రశ్నను వదిలేస్తున్నాయని నా అభిప్రాయం. పెళ్ళికి ముందు రోజుల్లో ఆడపిల్ల చుట్టూ చేరే ఆడవాళ్ళు ఎవరి పక్షాన చేరుతున్నారు? ఆ పిల్ల పక్షానా, లేక ఆ పెళ్ళి పక్షానా?

దీనికి జవాబు చెప్పాలంటే ముందు పాత పద్ధతిని గుర్తు చేసుకోవాలి. నేను మొదటిసారి తోడి పెళ్ళికూతురుగా కూర్చున్నది 1970 ప్రాంతాల, గుంటూరు జిల్లాలోని మా వూళ్ళో, మా పిన్ని పెళ్ళిలో. అప్పుడు నాకు పదేళ్ళు. నా పని సులువు. పిన్ని పక్కన పీట మీద కూర్చోవడం, ఆమెకు బొట్టు పెట్టినప్పుడు నేనూ పెట్టించుకోవడం, రాత్రి ఆమె పక్కలో పడుకోవడం. అసలు పనంతా నా చుట్టూ జరిగింది. రోటికీ రోకలికీ పసుపు రాసి, మామిడాకులు కట్టి, అయిదుగురు ముత్తైదువలు పసుపు కొమ్ములు దంచారు. తలంబ్రాల బియ్యం బాగుచేశారు. అరిసెలకు పిండి కొట్టారు. వడియాలూ అప్పడాలూ అంతకు ముందే పెట్టి ఎండబెట్టారు. పెళ్ళికూతుర్ని చేసిన నాడు నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టి, మంగళస్నానం చేయించారు. తెలంగాణాలో మైలపోలు తీయడమూ, కుమ్మరింటి నుంచి అయిరేని కుండలు తేవడమూ యిటువంటి సందర్భాలే.

యీ చాకిరీకి ఎవరూ వెల కట్టలేదు. పొలం పనుల్లో బదులు పోయినట్టే ఆడవాళ్ళు ఒకరింటి పెళ్ళికి మరొకరు వెళ్ళి పనిచేసి రుణం తీర్చుకునేవారు. నా కూతురి పెళ్ళికి నువ్వు పిండి కొడితే, నీ కూతురి పెళ్ళికి నేను కొడతాను. చేతిలో పెద్దగా డబ్బాడని యిల్లు కూడా పెళ్ళి చేసి గట్టెక్కిందంటే యీ బదులు పనే కారణం.

పనితోబాటు పాట వుండేది. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, వియ్యపురాలిని ఎగతాళి చేసే పాటలు. జానపద గేయాలను సేకరించిన బిరుదురాజు రామరాజు వంటివారు యిటువంటి పాటల విలువను లోకానికి చూపించారు. నేనిక్కడ చెప్పదలచింది వాటి ప్రయోజనాన్ని గురించి. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి ముందు చేతులు కట్టుకు నిలబడే లోకంలో, వియ్యపురాలి పిసినిగొట్టుతనాన్నీ, ఆమె కొడుకు తెలివితక్కువతనాన్నీ ఆమె ముఖం మీదే పాడే హక్కు ఆ పాటల వల్ల ఆడవాళ్ళకు దక్కింది. అయితే ఆ హక్కు పందిట్లోనే మొదలై పందిట్లోనే ముగిసేది. మర్నాడు అత్తవారింట్లో కోడలు అందులో ఒక్క ముక్క అంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు.

కనుక పాత పద్ధతిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ పందిట్లోకి ఎవరు రాకూడదో కూడా చెప్పుకోవాలి. మా పిన్ని పెళ్ళికి పిండివంటలన్నీ దగ్గరుండి చేయించింది మా పెద్దమ్మ. పాకం పట్టడం ఆ యింట్లో మరెవరికీ చేతకాదు. ఆమె భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళయింది. నలుగు పెట్టేవేళ ఆమె వంటింటి గుమ్మం దాటలేదు. ఎవరూ పొమ్మనలేదు, పొమ్మనవలసిన అవసరమే రాలేదు. పిన్నిని ఎత్తుకుని పెంచిన చేతులు ఆమెవి. ఆ చేతులతో చేసిన అరిసె మంగళకరమైంది, ఆ చేతులతో రాసే పసుపు మాత్రం కాకుండాపోయింది. కుండలు చేసిచ్చిన యింటి ఆడవాళ్ళకూ, మైలబట్టలు వుతికిన ఆడవాళ్ళకూ యిదే న్యాయం. వారి పని లోపలికి వచ్చేది, వారు బయట నిలబడేవారు.

గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించబడింది, 1897లో అచ్చయింది. అందులో సుబ్బి పెళ్ళిని గురించి మాట్లాడనివారు లేరు. సుబ్బిని అడిగినవారు లేరు. అడగగల మనిషి, ఆమెకు సహజంగా తోడుండవలసిన మనిషి, అక్క బుచ్చమ్మ. ఆమె బాలవితంతువు. ముసలివాడికి కట్టబెడితే చెల్లెలికి ఏమవుతుందో ఆ యింట్లో అందరికంటే బాగా తెలిసినది ఆమెకే. సరిగ్గా ఆ మనిషినే పెళ్ళికూతురి దగ్గరకు రానీయకూడదని ఆచారం శాసించింది. ముత్తైదువల నియమాన్ని మూఢవిశ్వాసమని తోసిపుచ్చితే చాలదు. ఆ నియమం వల్ల పెళ్ళి చేదును చవిచూసిన ఆడది పెళ్ళికూతురితో మాట్లాడకుండా పోతుంది.

దీనికి ఎదురుగా మరొక పెళ్ళి వుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. వూరు వెలివేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చి, తానే వంట చేసింది. పంతులుగారి ధైర్యాన్ని గురించి మనం చాలా చదువుకున్నాం. పేరంటాళ్ళ గుంపు లేని ఆ పెళ్ళిలో పెళ్ళికూతురి పక్షాన నిలబడిన యీ ఆడమనిషిని మాత్రం ఆయన సహధర్మచారిణిగానే తలుచుకుంటాం. తెలుగుదేశంలో తోడి పెళ్ళికూతురనే మాటకు నిండు అర్థం యిచ్చినది ఆమె అని నేననుకుంటాను.

యిప్పటి సంగతి చూద్దాం. మూడేళ్ళ క్రితం హైదరాబాదులో మా బంధువుల పిల్ల పెళ్ళి జరిగింది. మెహందీ ఒకనాడు, సంగీత్ ఒకనాడు, హల్దీ ఒకనాడు, పెళ్ళి మరొకనాడు. మన యిళ్ళల్లో గోరింటాకు లేదా, నలుగు లేదా అని ఒక ముసలమ్మ అడిగింది. వున్నాయి. కాని వాటికి అద్దె హాలు అక్కర్లేదు కాబట్టి పేరు మార్చవలసివచ్చింది. పిన్ని పెళ్ళిలో పసుపు దంచినవారి స్థానంలో ఈవెంట్ మేనేజరు, పాడినవారి స్థానంలో డాన్సు నేర్పే కుర్రవాడు. పెళ్ళికొడుకు చెప్పులు దాచి డబ్బు గుంజడం 1994 నాటి హిందీ సినిమా 'హమ్ ఆప్కే హై కౌన్'లో పెద్ద ముచ్చటగా చూపించారు. యీ పెళ్ళిలో దానికి ప్రత్యేకంగా ఫోటోగ్రాఫరును కుదిర్చారు. ఒకే రంగు బట్టల పిల్లల పద్ధతి యింకా దూరం నుంచి వచ్చింది. 1840లో ఇంగ్లండు రాణి విక్టోరియా పెళ్ళిలో ఆమె వెనక దుస్తుల అంచు పట్టి నడిచిన కన్యలు పన్నెండుగురు, అందరూ ప్రభువుల యింటి పిల్లలే. రాణిగారి ముచ్చట వ్యాపారమై, గుమస్తాల యిళ్ళకు కూడా వాయిదాల మీద అందుతున్నది.

పరాయిదనేది నా ఆక్షేపణ కాదు. మంచిదైతే ఎక్కడిదైనా తెచ్చుకోవచ్చు. నా ఆక్షేపణ వేరు. ఆ పెళ్ళిలో ఎనిమిదిమంది స్నేహితురాళ్ళు నడవాలి, ఏడుగురే నడిచారు. ఎనిమిదో పిల్ల ఒకటో తరగతి నుంచి పెళ్ళికూతురితో కలిసి చదివింది. బట్టల దుకాణంలో ఉద్యోగం. అందరూ కొనుక్కోవలసిన ఆ లెహంగా ఖరీదు ఆమె రెండు నెలల జీతం. కొనిపెడతామంటే ఒప్పుకోలేదు. మామూలు చీర కట్టుకుని వచ్చి, వెనక వరసలో కూర్చుని, భోజనం చేసి వెళ్ళిపోయింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. మా పెద్దమ్మను ఆచారం చేసినట్టుగానే యీ పిల్లను ధర బయటపెట్టింది. పాత అడ్డు పోయిందా అంటే అదీ లేదు. హల్దీనాడు మొదట పసుపు రాయడానికి ముత్తైదువనే వెతికారు. ఆ రాత్రి వెనకవైపు గంగాళాలు తోముతున్న ఆడవాళ్ళకు పూటకింత అని కూలి. కూలి యివ్వడం న్యాయమే. కాని బదులు పని పోయిన చోట మిగిలింది బిల్లు. ఆ బిల్లులో పెద్ద భాగం ఆడపిల్ల తండ్రిది.

మన చట్టం యీ ఖర్చును ఎలా చూస్తున్నది? వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. పెళ్ళికూతురికీ పెళ్ళికొడుకుకీ వచ్చిన కానుకల జాబితా రాసి వుంచాలని 1985లో నియమాలు చేశారు. అయిదువందలమందికి భోజనం పెట్టి, మూడు రాత్రులు హాలు అద్దెకు తీసుకుంటే అది కానుకా కాదు, కట్నమూ కాదు, ముచ్చట. ఎంతమంది ఎన్నిరోజులు ముచ్చటపడాలో నిర్ణయించేది మాత్రం తరచు మగపెళ్ళివారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆచార ప్రకారం జరిగే కర్మను గుర్తిస్తుంది. సప్తపది వున్నచోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. నలుగూ సంగీత్ లేకపోతే పెళ్ళి చెల్లదని ఏ చట్టమూ చెప్పదు. హిందూ వివాహమంటే ఆటపాటలు, విందులు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా మందలించింది. అయితే న్యాయస్థానం చూపిన మార్గం కర్మను సక్రమంగా జరిపించమనడం. కర్మ సక్రమంగా జరిగిన పెళ్ళిళ్ళలోనే మన ఆడపిల్లలు ఎందరు కాలిపోయారో మరిచిపోరాదు.

యిక నా రెండో అనుభవం. 1983లో నా స్నేహితురాలి పెళ్ళి. యిద్దరం డిగ్రీ కలిసి చదివాం. పెళ్ళికి ముందునాటి సాయంత్రం లోపల ఆమెకు నలుగు పెడుతున్నారు, బయట వసారాలో స్కూటరు సంగతి తేల్చుతున్నారు. మగపెళ్ళివారు చివరి నిమిషంలో అడిగారు. వున్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మడానికి ఆమె తండ్రి మాటిచ్చాడు. ఆమెకింకా యిద్దరు చెల్లెళ్ళు. వంటి మీద సున్నిపిండి ఆరకుండానే నా చెవిలో అన్నది: "పొలం అమ్మేట్టయితే నాకీ పెళ్ళి వద్దని మా నాన్నతో చెప్పిరావే." నేను వెళ్ళి ఆ మాట అలాగే చెప్పాను. ఆయన తల వంచుకున్నాడు. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన నవ్వి, "తోడి పెళ్ళికూతురివి, వెళ్ళి పక్కన కూర్చో అమ్మాయ్, మాటలకు మేమున్నాం" అన్నాడు. తెల్లవారి పెళ్ళి జరిగింది, పొలం పోయింది. ఆ పందిట్లోనే పెళ్ళికొడుకు చెల్లెలికి ఆడపడుచు కట్నం చదివించారు. ఆమెదీ నా వయసే. పెళ్ళికొడుకు తోబుట్టువు కూర్చున్నందుకు లాంఛనం వుంది. పెళ్ళికూతురి తోడు నోరు తెరిస్తే పీట చూపించారు.

ఆ పెద్దమనిషి చెడ్డవాడని నేననను. వున్నమాటే చెప్పాడు. మన పెళ్ళిలో తోడి పెళ్ళికూతురికి చోటుంది, మాట లేదు. మాట వున్న పెళ్ళి ఎలా వుంటుందో నేను 1994లో చూశాను. కులాలు వేరైన యిద్దరు ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకున్నారు. 1954లో వచ్చిన యీ చట్టం ప్రకారం ముప్ఫై రోజుల ముందు నోటీసు యివ్వాలి. ఆ ముప్ఫై రోజులూ పెద్దలు బెదిరించడానికి పనికివస్తున్నాయన్నది వేరే సంగతి. ఆ తరవాత వధూవరులు తమకు తెలిసిన భాషలో ఒకరినొకరు స్వీకరిస్తున్నామని నోటితో చెప్పాలి. ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. ఆ ముగ్గురిలో నేనొకతెను. పెళ్ళికూతురు సమ్మతించిందని, ఎవరూ బలవంతపెట్టలేదని నాకు తెలిస్తేనే నా సంతకానికి అర్థం. ముందురోజు రాత్రి ఆమెను కూర్చోబెట్టి అడిగాను. అప్పులేమైనా చేస్తున్నారా, ఉద్యోగం మానమన్నాడా, పుట్టింటి తలుపు మూసుకుపోతే ఎక్కడికి వెళతావు అని. ఆమె జవాబులు చెప్పింది. తరవాత యిద్దరం గోరింటాకు పెట్టుకున్నాం. తమిళనాడులో 1967 నుంచి పురోహితుడు లేకుండా, బంధువులూ స్నేహితులూ చూస్తుండగా జరిగే స్వాభిమాన వివాహం చట్టరీత్యా చెల్లుతున్నది. స్నేహితురాలు పక్కనుండటానికి యిటువంటి చోట్ల ప్రయోజనం వుంది.

పెళ్ళికి ముందు సంబరం వద్దని నేననటం లేదు. కష్టజీవులకు పాట కావాలి, పసుపు కావాలి, నలుగురు కూడి నవ్వుకునే నాలుగు రోజులు కావాలి. వేడుక తలపెట్టే యువతులకు నేను చెప్పేవి నాలుగు మాటలు. ఖర్చు ఎవరు పెడుతున్నారో, ఏమి అమ్మి పెడుతున్నారో లెక్క చూసిన తరవాతే హాలు మాట్లాడండి. మీ గుంపులో తక్కువ జీతమున్న పిల్ల కట్టుకోగలిగినదే అందరికీ బట్టగా నిర్ణయించండి. భర్త పోయిన పెద్దమ్మ చేత మొదటి పసుపు రాయించండి. నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: తలుపు వేసుకుని పెళ్ళికూతుర్ని "నీకిష్టమేనా" అని అడగండి. ఆమె కాదంటే వసారాలోకి ఒక్క పిల్లను పంపకండి. ఎనిమిదిమందీ కలిసి వెళ్ళండి. ఒక్క పిల్లనైతే పీట మీదికి పంపేస్తారు. ఎనిమిదిమందిని పంపడం అంత తేలిక కాదు.